మూడో రోజు సాక్ష్యం

మౌలాలి రైల్వే కాలనీ,
సికింద్రాబాదు.
26 జూలై 1948

ప్రియమైన సువార్తక్కకు,

తమ్ముడు ఏసురత్నం, మరదలు ప్రేమమణి, మేనకోడలు ఆలిస్, ముగ్గురి వందనాలు. దేవుని దయవల్ల అందరం బాగున్నాం. నీ పదేళ్ల జలుబు ఎలా ఉంది? గుడివాడ బోర్డింగులో పిల్లలు నిన్ను భయపెడుతున్నారా, వార్డెనమ్మ హోదాలో నువ్వే వాళ్లను భయపెడుతున్నావా?

ఊళ్లో సంగతులు రాయను. ఉత్తరాలు విప్పి చూస్తున్నారని వినికిడి. విప్పే పెద్దమనుషులకు ముందే మనవి చేస్తున్నాను, ఇందులో సిగరెట్ల సంగతి తప్ప ఇంకేమీ లేదు.

అక్కా, కూర్చుని చదువు. నేను సిగరెట్టు మానేశాను!

అవును, నేనే. పదహారో ఏట కాలవగట్టు మీద దొరికిపోయి నీ చేత చెవి మెలిపెట్టించుకున్న నేనే. ఇరవై రెండేళ్లుగా రోజుకు రెండు చార్మినార్ పెట్టెలు ఊదేసిన నేనే. ఎందుకంటావా? పోయిన వారం ఆలిస్ గుమ్మంలో కూర్చుని పాత నోటుబుక్కు కాగితం ఒకటి చుట్టి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని పీల్చి, వంగి వంగి దగ్గింది. "ఏమాటమ్మా ఇది?" అంటే "నాన్నాట" అంది. ఆరేళ్ల పిల్ల. అచ్చు నా దగ్గే దగ్గింది.

మా పక్క క్వార్టరు పీర్ మహమ్మద్ గురించి ఇదివరకే రాశాను. నేను లాలాగూడ వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తానైతే అతను అక్కడే ఫిట్టరు. ఇద్దరం ఒకే పెట్టెలోంచి కాలుస్తాం. ఇప్పుడు రంజాన్ నెల కాబట్టి పొద్దు గూకేదాకా అతను సిగరెట్టు ముట్టడు. ఎలా ఉండగలుగుతున్నావని అడిగాను. "ఏసన్నా, గది తలబ్, తాగాలన్న గుంజుడు. ఇంటికొచ్చిన మేమాన్ లెక్క. కూసోమంటే కూసుంటది. పట్టించుకోకుంటే జెర సేపు చూసి అదే పోతది. గడియారం చూస్కో, అయిదు నిమిషాలు సుత ఉండది" అన్నాడు. ఇంత సులువా అనిపించింది. శుక్రవారం పొద్దున మానేశాను.

నిన్న ఆదివారం మూడో రోజు. ఆరాధనలో పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉన్నారా?" అని అడగగానే నా కాళ్లు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. "ఇరవై రెండేళ్ల పొగాకు బానిసత్వం నుంచి ప్రభువు నన్ను విడిపించాడు" అన్నాను. చర్చి అంతా హల్లెలూయలు! అయ్యగారు దిగివచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ప్రేమమణి సంతోషం పట్టలేక తలవంచుకుంది.

చూశావా, నీ తమ్ముడు నీకు ఎప్పటికైనా పేరు తెస్తాడని చెప్పానా లేదా?

నీ
ఏసురత్నం


మిషను బాలికల బోర్డింగు,
గుడివాడ.
6 ఆగస్టు 1948

చిరంజీవి తమ్ముడు ఏసురత్నానికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం సోమవారం అందింది. రెండుసార్లు చదివి ఏడ్చాను, మూడోసారి పిల్లలందరికీ సాయంకాల ప్రార్థనలో చదివి వినిపించాను. మొక్కై వంగనిది మానై వంగునా అని నీ విషయంలో ఆశ వదులుకున్నదాన్ని. ఆ సామెత కట్టినవాడు నిన్ను చూడలేదు కాబోలు.

ఒకటి మాత్రం నచ్చలేదు. మూడో రోజునే సాక్ష్యం ఏమిటిరా? వడ్లు కళ్లానికి రాకముందే కోతపండుగ చేస్తారా ఎవరైనా? సరే, చెప్పేశావు. ఇక దాన్ని నిలబెట్టుకో.

ఇకముందు ఏమవుతుందో రాస్తాను, జాగ్రత్తగా విను. నీ మేమాన్ అయిదు నిమిషాల్లో పోతాడు, నిజమే, కానీ అరగంటకోసారి మళ్లీ తలుపు కొడతాడు. మూడు నాలుగు రోజులు మహా పాపిష్టివి. తల దిమ్ముగా ఉంటుంది. చేతులకు ఏం పని చెప్పాలో తెలియదు. పక్కవాళ్లు ఊపిరి పీల్చినా కోపం వస్తుంది. నిన్న నేను, అంటే ఇక్కడొకావిడ, చీపురు మూలలో నిలబెట్టలేదని వంటమనిషి ఎల్లమ్మను ఏడిపించింది. తర్వాత తనే ఏడ్చింది. కడుపు మొరాయిస్తుంది, నీళ్లు ఎక్కువ తాగు. నిద్రలో పిచ్చి కలలొస్తాయి. దగ్గు ముందు ఎక్కువయి తర్వాత తగ్గుతుందట, భయపడకు. తిన్న అరగంటకే ఆకలేస్తుంది. నోట్లో లవంగం వేసుకో. మరీ ఆగలేకపోతే లేచి నడువు. ఎటు నడిచినా సిగరెట్ల కొట్టు వైపు నడవకు.

ఇవన్నీ నాకెలా తెలుసంటావేమో. మా స్త్రీల కూటమిలో విమలమ్మ అని ఒకావిడ ముక్కుపొడుం మానేస్తోంది. పదేళ్ల అలవాటు. మంగళవారం నుంచి పొడుం ముట్టలేదు. ఆమె అవస్థ కళ్లారా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆమె కోసం ప్రార్థించు.

ఈ కాగితం మీది మరకలు సిరావి. కలం విసిరికొట్టాను, అంతే. జలుబు గురించి నువ్వు ఊరికే అడగకు, నాకు చిరాకు.

అక్క
సువార్త


సికింద్రాబాదు,
16 ఆగస్టు 1948

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని నా నాడి చూస్తున్నట్టే ఉంది. నువ్వు రాసినవన్నీ అచ్చం అలాగే జరిగాయి. తలదిమ్ము, కోపం, దగ్గు, ఆకలి, ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడన్నీ సర్దుకున్నాయి. పడుకోగానే నిద్ర పట్టేస్తోంది.

ఇక్కడ నేను పెద్దమనిషినైపోయానక్కా! ఆదివారం చర్చి దాటి బయటికి రానివ్వరు. భార్యలు మొగుళ్లను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొస్తున్నారు. "మా ఆయనకు సుత జెర చెప్పండి సారూ" అంటున్నారు. నేను గంభీరంగా గొంతు సవరించుకుని, నీ ఉత్తరంలోని మాటలన్నీ అప్పజెబుతున్నాను. నీ పేరు చెప్పడం లేదు, ఏమీ అనుకోకు. అల్వాల్‌లో దేవానందం అని సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. అరవై ఏళ్లవాడు, చుట్ట లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన మానేశాడు! ఆయనతో పాటు ఇంకో నలుగురు. అయిదుగురినీ అయ్యగారు "ఏసురత్నం గారి పంట" అంటున్నారు.

అసలు సంగతి ఇది. సెప్టెంబరు 19న మా కోతపండుగ. మౌలాలి, అల్వాల్, బొల్లారం, అన్ని సంఘాలవాళ్లూ వస్తారు. ఆ రోజు ప్రసంగం బదులు నా సాక్ష్యమేనని అయ్యగారు ప్రకటించేశారు. అరగంట మాట్లాడాలట. కాదనడానికి వీల్లేకపోయింది.

రంజాన్ పండుగకు పీర్ మహమ్మద్ ఇంటికి వెళ్లాం. అతని భార్య అమీనా షీర్ ఖుర్మా పెట్టింది. బయట ఊరంతా పరేషాన్‌గా ఉన్నా ఆ రెండు గంటలూ అందరం కడుపునిండా నవ్వుకున్నాం. పీర్ భాయ్ మాత్రం పండుగ అయిన మర్నాడే మళ్లీ సిగరెట్టు షురూ చేశాడు. నేనే అతనికి బుద్ధి చెప్పాల్సి వస్తోంది.

విమలమ్మగారికి నా వందనాలు చెప్పు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకోమను.

నీ
ఏసురత్నం


గుడివాడ,
24 ఆగస్టు 1948

ఏసురత్నం,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కవరు విప్పాను. చదవడానికి ముందే వాసన వచ్చింది.

సిగరెట్టు వాసన.

పొరపాటు పడ్డానేమోనని కాగితాన్ని కిటికీ దగ్గర అరగంట ఆరబెట్టి మళ్లీ చూశాను. వాసన పోలేదు. ఎల్లమ్మకు ఇచ్చి చూడమన్నాను. "ఎవరో దీని పక్కన కూకుని సిగరెట్టు కాల్చారండి" అంది. అప్పుడు బైబిల్లో దాచుకున్న నీ మొదటి ఉత్తరం తీశాను, పిల్లలకు చదివి వినిపించిన ఉత్తరం. అదీ అదే వాసన.

నిన్ను పెంచినదాన్ని కాబట్టి నీకో దారి కూడా చూపిస్తున్నాను. ఉత్తరాలు విప్పి చూస్తున్నారని నువ్వే రాశావు. ఆ విప్పేవాళ్లెవరైనా కాలుస్తూ చదివి ఉండవచ్చు. అదే జరిగిందని నువ్వు రాస్తే నమ్ముతాను, ఇంకెప్పుడూ అడగను.

రాయి.

సువార్త


సికింద్రాబాదు,
2 సెప్టెంబరు 1948

అక్కా,

నువ్వు చూపించిన దారి చాలా బాగుంది. రెండు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాను. "అవునక్కా, ఆ ఉత్తరాలు విప్పేవాళ్ల పనే" అని మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. వాళ్ల మీద ఇప్పటికే చాలా నిందలున్నాయి, నా సిగరెట్లు కూడా ఎందుకు?

శుక్ర, శని, ఆదివారం మధ్యాహ్నం దాకా నిజంగానే మానేశాను. చర్చిలో చెప్పినప్పుడు అబద్ధమని నాకే తెలియదు. చేతులు కలిపినవాళ్లు, కౌగిలించుకున్నవాళ్లు, అంత సంతోషంలో ఇంటికొచ్చి అన్నం తిన్నాక చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఇంత ఘనకార్యం చేసినవాడికి ఒక్కటి కాల్చే హక్కు లేదా అనుకున్నాను. సోమవారం నీకు ఉత్తరం రాస్తున్నప్పుడు కుడిచేతిలో కలం, ఎడమచేతిలో సిగరెట్టు. "మానేశాను" అన్న మాట రాసి దమ్ము లాగాను. ఇంతకంటే దిగజారిన సంగతి నా దగ్గర ఇంకేమీ లేదు.

నిన్న ప్రేమమణికి కూడా చెప్పేశాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది, తలైనా ఎత్తలేదు. "మీ చొక్కాలు ఉతికేది నేనే కదండీ" అంది. ఆరు వారాలుగా తెలుసట! ఎందుకు అడగలేదంటే, "మీరే చెబుతారేమోనని చూస్తున్నా" అంది. ఆ రోజు చర్చిలో తలవంచుకున్నది సంతోషంతో కాదనీ, మూడో రోజునే లేచి నిలబడినందుకు సిగ్గుతోననీ కూడా చెప్పింది.

ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. కోతపండుగ పదిహేడు రోజుల్లో ఉంది. లేచి అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆ అయిదుగురూ ఏమవుతారు? నన్ను నమ్మి దేవానందంగారు చుట్ట మానేశాడు. నాది అబద్ధమని తెలిస్తే ఆయన నిజం నిలుస్తుందా? రేపటి నుంచి మళ్లీ మానేస్తున్నాను. ఈసారి ఎవరికీ చెప్పను.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. అన్నం మాడి గిన్నె నల్లబడినా తెలియని ముక్కు నీది. మన చిన్నమ్మ కూతురి పెళ్లిలో సాంబారు అడుగంటితే ఊరంతా అన్నారు, నువ్వు మాత్రం బాగుందని రెండోసారి వేయించుకున్నావు. నూట యాభై మైళ్ల అవతల కాల్చిన సిగరెట్టు నీకెలా తెలిసింది?

నీ దొంగ
ఏసురత్నం


గుడివాడ,
10 సెప్టెంబరు 1948

ఒరేయ్ ఏసూ,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వడిగిన చివరి ప్రశ్నకే ముందు జవాబు రాస్తాను. లేకపోతే మళ్లీ ధైర్యం చాలదు.

విమలమ్మ అనే ఆవిడ మా కూటమిలో లేదు. ఆ విమలమ్మను నేనే.

మీ బావ చనిపోయిన ఏడాది నాకు రాత్రీపగలూ తలనొప్పి. ఎవరో ముసలమ్మ ఒక పట్టు పొడుం ఇచ్చింది. హాయిగా అనిపించింది. అది పదేళ్లు సాగింది. నా జలుబంతా పొడుమేరా! రుమాలు, తుమ్ము, ఎర్రబడిన ముక్కు, అన్నిటికీ జలుబని పేరు పెట్టాను. పిల్లలకు పరిశుభ్రత మీద పాఠాలు చెప్పి, సామాన్ల గది తలుపు వేసుకుని పీల్చేదాన్ని. నీ చెవి మెలిపెట్టిన చెయ్యే ఇది. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టింది.

నీ మొదటి ఉత్తరం చదివాను. నా తమ్ముడు ఇరవై రెండేళ్లది మూడు రోజుల్లో వదిలించుకుంటే నేను పదేళ్లది వదలలేనా అనిపించింది. మర్నాడు మంగళవారం పొడుం డబ్బా కాలవలో పారేశాను. నీకు రాసిన అవస్థలన్నీ నావి. కలం విసిరింది, ఎల్లమ్మను ఏడిపించింది నేనే. కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. చనిపోతానేమో అనుకున్నాను. ప్రతిసారీ "ఏసురత్నం ఉండగలిగాడు" అనుకుని ఆగాను.

ఆగస్టు నాలుగో ఆదివారం పొద్దున ప్రార్థనకు పిల్లలు వరసగా మోకరించారు. నా ముందున్న పిల్ల జడలో మల్లెలున్నాయి. వాటి వాసన వచ్చింది! పదేళ్ల తర్వాత! పరలోక ప్రార్థన సగంలో ఆపేసి ఆ పిల్ల జడ మీదికి వంగిపోయాను. పిల్లలు నాకేదో అయిందనుకున్నారు. ఆ రోజంతా ఇల్లంతా తిరిగాను. కొత్త సబ్బు, తడిసిన మట్టి, పప్పులో ఇంగువ, ఉతికిన దుప్పటి. చారు పొంగితే పరుగెత్తి అందరికంటే ముందు నేనే దించాను. ఇంత లోకాన్ని ఒక చిటికెడు పొడుం కింద పాతిపెట్టానా అని ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. మిగతాది నీకు తెలుసు.

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. ఆ సాయంత్రం తిన్నగా బజారుకి వెళ్లాను. కొట్టు మధుసూదన్ నన్ను చూడగానే అడగకుండానే పొట్లం కట్టేశాడు. నా తమ్ముడే నిలబడలేదు, నేనెంత అనుకుని చెయ్యి చాపాను. పొట్లంలోంచి ఘాటు నా ముక్కుకు తగిలింది. అప్పుడు తెలిసింది, అది ఎంత కంపో. "వద్దులే బాబూ" అని వచ్చేశాను.

కాబట్టి దేవానందంగారి సంగతి నన్నడుగు. నీ అబద్ధాన్ని నమ్మి మానేశాను, నిజం తెలిశాక కూడా మానేసే ఉన్నాను. వెళ్లి నిజం చెప్పు. నేను మా కూటమిలో ఇంకా చెప్పలేదు. యాభై మంది ఆడవాళ్లకు నేను ప్రార్థన నేర్పుతాను, వాళ్ల ముందు నోరు పెగలడం లేదు. ఈ విషయంలో నువ్వే ముందు నడువు.

అక్క
సువార్త


సికింద్రాబాదు,
22 సెప్టెంబరు 1948

ప్రియమైన అక్కకు,

బతికే ఉన్నాం! అందరం! పత్రికల్లో చూసి నువ్వెంత బెంగపడుతున్నావో అని తపాలా నడుస్తుందో లేదో తెలియకుండానే రాస్తున్నాను. నీ ఉత్తరాలేవీ అందలేదు. నాకు తిట్లు రాసి ఉంటే అవి దారిలో ఎక్కడో ఉన్నాయి.

ముందు నా సంగతి. 3న మానేశాను, 5న కాల్చాను. 8న మానేశాను, 9న కాల్చాను. ఇలా ఉండగా 13న ఇండియా సైన్యం సరిహద్దు దాటిందని తెలిసింది. దుకాణాలన్నీ మూసేశారు. పీర్ మహమ్మద్, అమీనా మా ఇంటికే వచ్చేశారు. అంతకుముందు రజాకార్ల భయంతో మేము తలుపులేసుకున్న రోజుల్లో మా గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్నవాడు అతను. ఇప్పుడు వాళ్లకు భయంగా ఉంది. మా గుమ్మంలో నేను మంచం వేశాను. దీనికి ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు.

14 నుంచి ఇంట్లో ఒక్క సిగరెట్టు లేదు. ఇద్దరు పొగరాయుళ్లు, ఒకే గది! నేను అతని గురక గురించి పోట్లాడాను, అతను నా ఈల గురించి పోట్లాడాడు. రెండో రోజు చదరంగం బల్ల తిరగేశాను. మూడో రోజు అతను నాతో మాట్లాడ్డం మానేసి, ఆ కబురు కూడా ఆలిస్ చేత చెప్పి పంపాడు. పైన విమానాల చప్పుడు వినిపిస్తుంటే ప్రేమమణి, అమీనా మా ఇద్దరి మధ్య యుద్ధం ఆపుతున్నారు. "వీళ్లకంటే బయటనే నయముంది వదినా" అంది అమీనా.

శుక్రవారం సాయంత్రం అంతా అయిపోయిందని రేడియోలో చెప్పారు. శనివారం సైన్యం ఊళ్లోకి వచ్చింది. రోడ్డంతా జనం, పూలదండలు, కేకలు. నేనూ వెళ్లి అరిచాను. ఒక లారీలోంచి అనకాపల్లి కుర్ర సిపాయి తెలుగు విని ఎగిరి దూకి, నా చేతిలో సిగరెట్టు పెట్టాడు. "వద్దు బాబూ" అంటే "ఏటండీ, పాస్టరుగారా మీరు?" అని మళ్లీ పెట్టాడు. సంతోషంగా ఇచ్చినవాణ్ణి కాదనలేక ఇంటికి పట్టుకొచ్చాను.

బల్ల మీద పెట్టాను. దానికి అటు పీర్ భాయ్, ఇటు నేను. అయిదు రోజుల తర్వాత కంటపడ్డ మొదటి సిగరెట్టు. ఒక్కటే ఉంది. ఇక్కడి మర్యాదలు నీకు తెలియవు. ఒకడు ముందు తీసుకోవడం అమర్యాద. "నువ్వు ముట్టించు భాయ్" అన్నాను. "అరే, నీకిచ్చిండు, పహలే నువ్వు" అన్నాడు. "ఇంటికొచ్చినవాడివి, నువ్వే." "పెద్దోనివి, నువ్వే." "చెరి సగం?" "అయితే ముందు సగం నీది." ఇలా ఒకరినొకరు బతిమాలుకుంటూ ఉండగా గడియారం గంట కొట్టింది. చూస్తే పావుగంట దాటిపోయింది. తలబ్ ఎప్పుడో లేచి వెళ్లిపోయింది, మేమిద్దరం దాన్ని సాగనంపను కూడా లేదు! ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అమీనా వచ్చి ఆ సిగరెట్టు తుంచి చెంబు నీళ్లలో నానబెట్టి, పురుగు పట్టిన గులాబీ మొక్కకు పోసింది.

ఈ రోజు తొమ్మిదో రోజు. పీర్ భాయ్‌కి కూడా. కోతపండుగ అక్టోబరు 17కి వాయిదా పడింది. అప్పటికి నాకు ముప్పై నాలుగు రోజులు నిండుతాయి. ఇప్పుడు సాక్ష్యం నిజమే కదా, పాత సంగతి ఎందుకు తవ్వుకోవాలి అని మనసు మెల్లగా నచ్చజెబుతోంది. నువ్వేమంటావు?

నీ
ఏసురత్నం


సికింద్రాబాదు,
18 అక్టోబరు 1948

ప్రియమైన అక్కకు,

నువ్వు సెప్టెంబరు 10న రాసిన ఉత్తరం ఇరవై రోజులకు చేరింది. "విమలమ్మను నేనే" అన్నచోట నేను పెట్టిన కేకకు పీర్ భాయ్ గోడ దూకి వచ్చాడు. నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. చివరికొచ్చేసరికి నవ్వలేకపోయాను. నా అబద్ధం చేతికర్రగా పట్టుకుని నువ్వు నిజంగా నడిచావు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, పాత సంగతి తవ్వాల్సిందేనని.

నిన్న కోతపండుగ. చర్చి కిటికీల్లో కూడా మనుషులే. ముందు బల్ల నిండా గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, బియ్యం మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు. పీర్ భాయ్, అమీనా వెనక వరసలో కూర్చున్నారు. దేవానందంగారు నా ఎదుటే, మెడ నిటారుగా పెట్టుకుని. అరగంట ప్రసంగానికి రాసుకున్న కాగితాలు జేబులోనే ఉండిపోయాయి.

"నేను జూలైలో ఇక్కడ నిలబడి చెప్పిన సాక్ష్యం ఆ మధ్యాహ్నానికే చెల్లకుండా పోయింది. భోజనం కాగానే సిగరెట్టు కాల్చాను. ఏడు వారాలు మీ అందరి చేతా పొగిడించుకుంటూ కాల్చాను. సెప్టెంబరు పద్నాలుగు నుంచి ముట్టలేదు. నాతో పాటు మానేసినవాడు వెనక కూర్చున్న పీర్ మహమ్మద్. ఇది ముప్పై నాలుగో రోజు. రేపటి సంగతి రేపు చెబుతాను" అన్నాను. అంతే అక్కా. నిమిషం పట్టలేదు.

బల్ల మీంచి ఒక కోడి కూసింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. అప్పుడు దేవానందంగారు లేచాడు. అయిపోయింది, ఈయన నన్ను చీల్చేస్తాడనుకున్నాను.

"అయ్యగారూ, నేను సుత మానలే" అన్నాడు. "ఏసురత్నం సారుకు తెలిస్తే బాధపడ్తడని బావి ఎనక కూసొని తాగుతున్న. రెండు నెలల సంది దొంగతనం జేసి జేసి యాష్టకొచ్చింది." పక్కనే ఆయన భార్య రోసమ్మ "బావి కాడ పొగొస్తే నేను నీళ్లు మసలుతున్నయనుకున్న!" అంది. ఒక్కసారిగా నవ్వు లేచింది. మిగతా నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ముగ్గురు లేచి నిలబడ్డారు. వాళ్లూ అంతే! నాలుగోవాడు, బొల్లారం కుట్టుపని కనకయ్య, సిగ్గుపడుతూ లేచి, "నేను మాత్రం నిజంగనే మానేసిన. తప్పా?" అని అడిగాడు. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేక ప్రసంగపీఠం పట్టుకున్నారు.

నవ్వు తగ్గాక దేవానందంగారు నడుం దగ్గర దోపుకున్న చుట్టల కట్ట తీసి, నడిచివెళ్లి బల్ల మీద గుమ్మడికాయ పక్కన పెట్టాడు. "ఈసారి ఎన్నో రోజో నేనే లెక్క పెట్టుకుంట. ఎవ్వరికీ చెప్ప" అన్నాడు. మిగతా ముగ్గురూ జేబులు తడుముకున్నారు. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే కానుకల వేలంపాట. కోళ్లు పోయాయి, కంకులు పోయాయి, గుమ్మడికాయ కోసం రెండు సంఘాలు పోటీపడ్డాయి. చుట్టల కట్ట ఎత్తి చూపించినప్పుడు మాత్రం పాట పాడినవాడు లేడు. అమీనా గులాబీ మొక్కలకని అడిగి ఊరికే పట్టుకెళ్లింది.

సాయంత్రం మేం ఏడుగురం, ఏసురత్నం, పీర్ మహమ్మద్, నిజమైన కనకయ్య, పడిలేచిన నలుగురు, చర్చి మెట్ల మీద కూర్చున్నాం. చేతులు ఖాళీగా ఉన్నాయి. వేరుశనక్కాయలు ఒలుచుకుని తిన్నాం. అంత తేలిగ్గా నా ఒళ్లు ఎప్పుడూ లేదక్కా. ఇంటికి వస్తూ ఆలిస్‌ను భుజాల మీద ఎక్కించుకుని మౌలాలి గుట్ట సగం దాకా ఆగకుండా ఎక్కాను.

నువ్వు ముందు నడవమన్నావు, నడిచాను. ఇక నీ ఇష్టం.

నీ
ఏసురత్నం


గుడివాడ,
26 అక్టోబరు 1948

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం ఆదివారం మా స్త్రీల కూటమిలో పెద్దగా చదివాను. బావి వెనక పొగ దగ్గర ఆడవాళ్లు నవ్వలేక చాపల మీద దొర్లారు. "నువ్వు ముందు నడవమన్నావు" అన్నచోటికి వచ్చి ఆగిపోయాను. ఆ ముక్క వదిలేసి కాగితం మడిచేద్దామనుకున్నాను. మడవలేదు. "ఈ అబ్బాయి అక్క పదేళ్లు ముక్కుపొడుం పీల్చి జలుబని చెప్పుకుంది. ఆమె మీ ముందే నిలబడి ఉంది" అన్నాను. అది నాకు ఎనభై మూడో రోజు.

వాళ్లు నవ్వలేదు, తిట్టలేదు. ఎల్లమ్మ మాత్రం "నాకు తెలుసండి, సామాన్ల గది ఊడ్చేది నేనేగా" అంది. మీ ప్రేమమణికీ మా ఎల్లమ్మకూ ఎక్కడో చుట్టరికం ఉండాలి.

కూటమి ముగిసి అందరూ వెళ్లిపోయారు. మా అధ్యక్షురాలు దేవకృపమ్మగారు ఒక్కరే కదలలేదు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆవిడ ఎదుట పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకోవడానికి కూడా మేం భయపడతాం. తలుపు వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి జరిగి, పిల్లలు గుసగుసలాడినట్టు అడిగింది: "సువార్తమ్మా, మొదటి మూడు రోజులు మరీ కష్టంగా ఉంటుందా?"

ఆవిడ చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టి, మొదటి రోజు పొద్దున నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

అక్క
సువార్త